మాత్రలిచ్చినందుకు ముద్దాయా?

పోలండ్ హక్కుల కార్యకర్త యుస్టినా విద్జిన్‌స్కాకు పడిన శిక్షను వార్సా అప్పీలు కోర్టు 2025 ఫిబ్రవరిలో రద్దు చేసింది. సంతోషించేలోపే తిరకాసు బయటపడింది. కేసు పోలేదు, మళ్లీ మొదటి నుంచి విచారించాలట. ఆమె చేసింది నేరం కాదని కోర్టు అనలేదు, శిక్ష వేసిన జడ్జి నిష్పాక్షికత మీద అనుమానాలున్నాయంది, అంతే.

ఇంతకీ ఆమె ఏం చేసింది? 2020లో, కరోనా మొదలవుతున్న రోజుల్లో, ఒక గర్భిణి సాయం అడిగింది. మొగుడి వేధింపులు, ఇంట్లో చిన్నబిడ్డ. అబార్షన్ కోసం జర్మనీ వెళ్తానంటే బిడ్డను ఎత్తుకుపోతున్నావని పోలీసులకు చెబుతానని బెదిరించాడు. యుస్టినా తన దగ్గరున్న అబార్షన్ మాత్రలు పంపింది. మొగుడు పోలీసులను పిలిచాడు, వాళ్లు మాత్రలు పట్టుకుపోయారు. ఆ గర్భిణి వాటిని మింగనే లేదు. అయినా 2023 మార్చిలో యుస్టినాకు ఎనిమిది నెలల పాటు, నెలకు 30 గంటలు సమాజ సేవ చేయాలని శిక్ష వేశారు. ఆమె ముగ్గురు పిల్లల తల్లి. తనూ అలాంటి కాపురంలోనే నలిగి, 2006లో మాత్రలతో అబార్షన్ చేసుకున్న మనిషి. ఆ భయం ఇంకొకరు ఒంటరిగా పడకూడదనే హెల్ప్‌లైన్ దగ్గర కూర్చుంది, 2016లో అబార్షన్ కావాల్సిన ఆడవాళ్లకు తోడుండే అబార్షన్ డ్రీమ్ టీమ్ అనే బృందం పెట్టినవాళ్లలో ఒకరైంది.

అక్కడి చట్టం గర్భం తీయించుకున్న స్త్రీని శిక్షించదు. సాయం చేసినవాళ్లకు మాత్రం మూడేళ్ల దాకా జైలు. నీ తిప్పలు నువ్వే పడు, పక్కన ఎవరూ నిలబడకూడదు అనడం కాదా ఇది? ఇవాళ యుస్టినా, రేపు మాత్రలు తెప్పించిన స్నేహితురాలు, ఎల్లుండి కూతురికి తోడెళ్లిన అమ్మ. వేధించే మొగుడి చేతికి పోలీస్ ఫోన్ నంబరే ఆయుధమైపోతుంది.

ఈ భయం ఆస్పత్రుల దాకా ఎప్పుడో పాకింది. పిండంలో తీవ్ర లోపాలున్నా అబార్షన్ కుదరదని 2020 అక్టోబరులో రాజ్యాంగ ట్రిబ్యునల్ చెప్పింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఒక ఆస్పత్రిలో 22 వారాల గర్భిణికి ఉమ్మనీరు పోయింది. పిండం గుండె ఆగేదాకా డాక్టర్లు ఆగారు, ఆమె ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి (సెప్సిస్) చనిపోయింది. చట్టం వల్లే ఏమీ చేయట్లేదని మంచం మీది నుంచి అమ్మకు మెసేజ్‌లు పెట్టింది. 2012లో ఐర్లండ్‌లో మన కర్ణాటక నుంచి వెళ్లిన సవిత హలప్పనవర్ ఇలాగే పోయింది. సాయం చేస్తే కేసు అన్నచోట డాక్టరైనా వెనక్కే తగ్గుతాడు.

కడుపులోని ప్రాణానికీ విలువుందని, చట్టం చట్టమేనని వాదించేవాళ్లున్నారు. వాళ్ల విశ్వాసం వాళ్లది. దాని కోసం పక్కింటి ఆడమనిషి ఎందుకు చావాలి?

మా కోపం ఎక్కువగా పోలండ్ ప్రధాని డొనాల్డ్ టస్క్ ప్రభుత్వం మీదే. 12 వారాల వరకు అబార్షన్‌ను చట్టబద్ధం చేస్తామని 2023లో ఓట్లడిగారు, ఆడవాళ్లు బారులు తీరి వేశారు. సాయాన్ని నేరం కాకుండా చేసే బిల్లు 2024 జులైలో పార్లమెంటులో 215–218తో ఓడిపోయింది, అదీ సొంత కూటమి ఎంపీలే చాలామంది ఎదురు తిరగడంతో. మరుసటి నెలలోనే ఈ సభలో మెజారిటీ లేదని ప్రధాని చేతులెత్తేశారు. ఓట్లడిగినప్పుడు ఈ సాకు చెప్పలేదే? ఇప్పటికైనా ఆ బిల్లును ఓటింగ్‌కు తెండి, మీ కూటమిలో అడ్డుపడేవాళ్లను ఒప్పించండి. అది కూడా చేతకాకపోతే ఆడవాళ్ల హక్కుల పేరు చెప్పి ఇంకోసారి ఓట్లు అడక్కండి.