సంతకాల పట్టిక గారికి ఒక లేఖ

మహారాజశ్రీ సంతకాల పట్టిక గారికి,

ఉభయకుశలోపరి. నిజానికి కుశలమేమీ లేదు కానీ, ఆ ముక్క రాయడానికి మీ దగ్గర గడి ఉండదు కదా! పేరు, ఊరు, సంతకం. సంతకం రానివారికి వేలిముద్ర. ‘ఒప్పుకోను’ అనేవారికి చోటు ఎక్కడో వెతికి వెతికి అలసిపోయాను.

ఈక్వడార్‌లో బొబొనాసా నది ఒడ్డున ఉన్న సరయాకు మీకు గుర్తుండే ఉంటుంది. కిచ్వా ఆదివాసుల ఊరు. 1996లో ప్రభుత్వం ఊరివాళ్లను ఒక్క మాటైనా అడగకుండా వాళ్ల అడవిని చమురు కంపెనీకి రాసిచ్చింది. తర్వాత ఆ నది వెంట ఊళ్లలోకి వైద్యుల బృందం దిగింది. ఎంత దయ! కాకపోతే వైద్యం కావాలంటే ముందు మీ మీద సంతకం పెట్టాలి. జ్వరానికి పెట్టిన సంతకం తెల్లారేసరికి కంపెనీకి మద్దతు లేఖ అయింది. ఇది నా కల్పన కాదు, అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2012లో ఇచ్చిన తీర్పులో సాక్షుల మాటగా నమోదైంది. మాత్రకు అడవిని ధారపోయించిన ఘనత మీదే.

చమురు జాడ వెతకడానికి ఆ అడవిలో పాతిపెట్టిన పేలుడు పదార్థం సుమారు 1.4 టన్నులు. దానికి మాత్రం ఎవరి సంతకమూ అడగలేదు.

కిచ్వాల్లో కర్రపెండలం చేను ఆడవాళ్లది. నాటేది, కలుపు తీసేది, దుంప తవ్వేది వాళ్లే. నేల చెడితే ముందు తెలిసేది కూడా వాళ్లకే. పండితులు దీనికి పర్యావరణ స్త్రీవాదమని పేరు పెట్టారు, పెట్టుకోనివ్వండి. కంపెనీని అడ్డుకోవడానికి ఆ చేలు వదిలేసి, ఊరంతా నెలల తరబడి తమ పొలిమేర శిబిరాల్లో కాపలా కాసింది. తిండి కరువైంది. 2013లో ఆడవాళ్లు చమురు తవ్వకాలు వద్దంటూ అడవి ప్రాంతపు పట్టణం పూయో నుంచి రాజధాని కీటో దాకా నడిచారు. అంత దూరం నడిచిన పాదాల ముద్రలు మీకు పనికిరావు, మీకు వేళ్లవే కావాలి.

అదే పూయోలో 2019లో మీ బంధువుల మీద విచారణ జరిగింది. వావొరానీలనే మరో ఆదివాసుల అడవిలో చమురు కోసం ప్రభుత్వం 2012లో జరిపిన ‘సంప్రదింపు’ అసలు సంప్రదింపేనా అన్నది వివాదం. వావొరానీల నాయకురాలు నెమోంటే నెంకిమో. ఒకనాడు ముసలి అవ్వలు కోర్టులోనే పాట అందుకున్నారు. న్యాయమూర్తి మాట ఎవరికీ వినబడలేదు, విచారణ వాయిదా పడింది. ఏప్రిల్ 26న తీర్పు వచ్చింది: ఆ సంప్రదింపు చెల్లదు. దాదాపు 1,80,000 హెక్టార్ల అడవి వేలం నుంచి బయటపడింది.

ఒక చిన్న సందేహం తీర్చండి. ఆ పాటను ఏ గడిలో రాసుకున్నారు?

ఇట్లు,
సంతకం పెట్టని ఒకరు