గరిష్ఠ వ్యాప్తి ఎవరడిగారు మామా?

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఊళ్ళో అందరికీ అదొక వార్త. మా మామకి మాత్రం ప్రమోషన్. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి చెప్పి రిటైరైన మనిషి. అప్పటి నుంచీ ఏ రాకెట్టు లేచినా 'మనోళ్ళు పంపించినారు' అంటాడు. ఇంజన్ మండినంతసేపూ రాకెట్టు లెక్క వేరని, ఇంజన్ ఆరిపోయి భూమి లాగుడు ఒక్కటే మిగిలినప్పుడే అది ప్రక్షేపకమని కూడా చెప్తాడు. అడక్కపోయినా చెప్తాడు.

మొన్న చిత్తూరులో చుట్టాల పెళ్ళి. కారు కింద ఉంది, బీగంచెవులు పైన ఉన్నాయి. బైరాగిపట్టెడలో మామ వాళ్ళది మూడో అంతస్తు. సరిగ్గా బయల్దేరే వేళకి కరెంటు పోయి లిఫ్ట్ ఆగింది. సారె పళ్ళేలన్నీ కారు పక్కన పేర్చుకుని, పైకొచ్చి తీసుకుంటానని కేకేశాను.

"మెట్లెక్కేది ఎందుకురా? ఈణ్ణించే వేస్తా, పట్టుకో" అన్నాడు మామ, బాల్కనీలోంచి. చేతిలో కలంకారీ సంచి. అత్త కాళహస్తిలో ముచ్చటపడి కొనుక్కున్నది. బీగంచెవులు అందులోనే ఉన్నాయి.

వేస్తే అయిపోయేది. కానీ ముందు పాఠం మొదలైంది.

"గోడకి ఆనుకోని నిలబడొద్దు. కింద సజ్జ ఉంది. ఊరికే వదిలితే దాని మీదే పడి కూర్చుంటాయి. కొంచెం ముందుకి తొయ్యాల. ముందుకి పొయ్యేది వేరు, కిందికి పడేది వేరు. ఒకే ఇంట్లో మాటల్లేని అన్నదమ్ముల మాదిరి, ఒకదాని జోలికి ఇంకోటి పోదు. పది మీటర్ల ఎత్తు ఇది. నిలువునా వదిలినా, అడ్డంగా విసిరినా నేల తగిలేది 1.4 సెకండ్లకే. సెకండుకి మీటరు చొప్పున తోస్తే గోడకి మీటరున్నర లోపల పడతాయి. ఆడ నిలబడు."

నిలబడ్డాను. ఇంతవరకూ లెక్కలో వంక పెట్టేదేమీ లేదు. ఈపాటికి నేను మూడంతస్తులూ ఎక్కి, మంచినీళ్ళు తాగి, దిగి వచ్చుండేవాణ్ణి. అది వేరే సంగతి.

వచ్చిన చిక్కల్లా కరెంటుతోనే. ఫ్యాన్లు ఆగితే అపార్ట్‌మెంట్ జనమంతా బాల్కనీల్లోకి వచ్చేస్తారు. రిటైరైన లెక్చరర్‌కి అంతమంది ఒక్కసారిగా కనపడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దానికి తోడు రెండో అంతస్తులో ఇంటర్ ఫస్టియర్ చదివే పిల్లోడొకడు తల పైకెత్తి, "సార్, అన్నిటికన్నా ఎక్కువ దూరం పోవాలంటే ఏ కోణంలో వెయ్యాల?" అనడిగాడు.

"గరిష్ఠ వ్యాప్తికా? నలభై అయిదు!" మామ గొంతులో ముప్పై ఏళ్ళ సర్వీసు మోగింది. "1537లోనే ఇటలీలో టార్టాలియా ఫిరంగి గుండుకి ఆ మాట చెప్పినాడు. అది లేచి దిగే వంపు దారి పరావలయమని 1638లో గెలీలియో పుస్తకమేసి నిరూపించినాడు. నలభై అయిదంటే ఎట్లుండాలంటే, ఇదో..."

"పట్టుచీర చెమటకి తడిసిపోతా ఉంది. బీగాలిస్తారా, పాఠం చెప్తారా?" లోపల్నుంచి అత్త.

'ఇదో' అన్నప్పుడు చెయ్యి లేచింది. చేతితో పాటు సంచీ లేచింది. గోడకి మీటరున్నరలో నేను దోసిలి పట్టుకుని ఉండగా, నా నెత్తి మీదుగా, కాంపౌండ్ గోడ మీదుగా, కరెంటు తీగల మీదుగా, వీధి దాటి, ఎదురుగా కడుతున్న ఇంటి మొదటి స్లాబు మీద మేస్త్రీ పక్కనున్న సిమెంటు బాండ్లిలో తప్పుమని పడింది. చూడ్డానికి చాలా అందంగా ఉంది. నిజంగా పరావలయమే.

"గరిష్ఠ వ్యాప్తి ఎవరడిగారు మామా?"

మామ పలకలేదు. పిల్లోడే మళ్ళీ, "సార్, పడే చోటు విసిరే చోటు కన్నా కిందుంటే నలభై అయిదు కాదు గదా, ఇంకా తక్కువ కోణమే గదా?" అన్నాడు. పిల్లోడన్నదే కరెక్టు. "అది మీ సిలబస్‌లో లేదు, లోపలికి పో" అన్నాడు మామ.

నేను వీధి దాటి వెళ్ళేసరికి ఆ ఇంటి దగ్గర పని ఆగలేదు. కింద నుంచి ఒకతను ఇటుకలు పైకి వేస్తున్నాడు, స్లాబు అంచున ఇంకొకతను అందుకుంటున్నాడు. చూస్తూ నిలబడిపోయాను. కింద అతను మోకాళ్ళు కాస్త వంచి రెండు చేతులతో వదిలితే, ఇటుక సరిగ్గా పైవాడి ఛాతీ ఎత్తుకి వచ్చి, ఇంక పైకి పోలేక, కిందికి పడబోయే ముందు ఒక్క క్షణం తచ్చాడుతుంది. ఆ క్షణంలో అతను దాన్ని పట్టుకోడు, ఊరికే తీసుకుంటాడు. మూడు కిలోల ఇటుక చేతికి దెబ్బ తగలకుండా వస్తుంది. ఎందుకంటే అక్కడ దాని పైకి పోయే వేగం సున్నా. పరీక్షల్లో మామ మార్కులు కోసేది కూడా అక్కడే. శిఖరం దగ్గర వేగంతో పాటు త్వరణం, అంటే వేగం మారే రేటు, కూడా సున్నా అని రాస్తారట పిల్లలు. త్వరణం ఎక్కడికీ పోదు, భూమి లాగుడు వల్ల వచ్చే 9.8 అట్లే ఉంటుంది. అది పోతే ఇటుక గాల్లోనే ఉండిపోవాలి.

మేస్త్రీ బాండ్లిలోంచి సంచి తీసి, నీళ్ళ డ్రమ్ములో ముంచి, జాడించి చూపించాడు. "ఏంది సామీ, బీగాలు మా మీదికి ఇసిరేస్తా ఉండారు?"

నా చేతికివ్వమని నేను నోరు తెరిచే లోపలే వెనకనుంచి కేక. "మేస్త్రీ! ఇట్లా వెయ్యి, నేను పట్టుకుంటా!"

మేస్త్రీ ఇటుకలందుకునే మనిషికి సంచి ఇచ్చాడు. అతను బాల్కనీని ఒక చూపు చూశాడు. కోణం అడగలేదు, ఎత్తు అడగలేదు. చెయ్యి ఒకసారి ఊపి వదిలాడు. సంచి వీధి దాటి, ఏడు మీటర్లు పైకెక్కి, బాల్కనీ కమ్మీ దగ్గర కాస్త నెమ్మదించి, మామ రెండు చేతుల మధ్య వాలింది. బాల్కనీలన్నీ చప్పట్లు కొట్టాయి. మామ కూడా కొట్టబోయి, చేతిలో సంచి ఉందని ఆగాడు.

కింద నేను, పైన బీగాలు.

"ఒరేయ్, ఈ తూరి మళ్ళీ గోడకి మీటరున్నరలో..." అని మామ మొదలెట్టగానే, వెనకనుంచి పట్టుచీర చెయ్యొకటి వచ్చి సంచి లాక్కుంది. అత్త మూడంతస్తులూ దిగి వచ్చింది. సిమెంటు మరక కనపడకుండా సంచిని తిరగేసి నా చేతిలో పెట్టింది. మామ వెనకాలే దిగాడు. పాకాల దాటిందాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు.

ముహూర్తానికి అందుకున్నాం గానీ ముందు కుర్చీలు దొరకలేదు. మేళగాళ్ళు గట్టిమేళం అందుకోగానే అందరూ అక్షింతలు వేశారు. ఆ వెనక వరసలోంచే మామ కూడా చెయ్యి నలభై అయిదుకి ఎత్తి, పెళ్ళిపీటల మీదికి గురిచూసి, బలంగా విసిరాడు. అవి రెండు వరసలు కూడా దాటలేదు. ముందు కూర్చున్న పెద్దాయన బట్టతల మీద రాలాయి. ఆయన తల తుడుచుకుంటూ వెనక్కి తిరిగి చూశాడు.

"గాలి నిరోధమండీ" అన్నాడు మామ.