మహారాజశ్రీ డైపరు గారికి

మహారాజశ్రీ డైపరు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు మా ఇళ్ళలో ప్రతి చంటిబిడ్డ మొలకూ చుట్టుకొని పగలనక రాత్రనక సేవ చేస్తున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. ఒకప్పుడు ఇంట్లో పురుడు దగ్గరపడిందంటే అటక మీది పెట్టె దించి, వాడి వాడి మెత్తబడిన నేతచీరలనూ పంచెలనూ చింపి, ఉతికి, ఎండబెట్టి పొత్తిగుడ్డలు సిద్ధం చేసేవారు. ఇప్పుడు ఆసుపత్రికి సర్దే సంచిలో అన్నిటికంటే ముందు తమరే చేరుతున్నారు. బిడ్డ తల్లిపాల రుచి ఎరగకముందే తమ స్పర్శ ఎరుగుతోంది. ఇంతటి ఆత్మబంధువుకు ఒక్క ఉత్తరమైనా రాయకపోవడం మర్యాద కాదు.

తమ వంశం సామాన్యమైనది కాదని విన్నాను. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో అమెరికాలో మారియన్ డోనోవన్ అనే తల్లి స్నానాలగది తెరను కత్తిరించి, గుడ్డ మీదుగా తొడిగే నీరు కారని కవచం కుట్టి, 1951లో దానికి పేటెంటు పొందింది. పదేళ్ళ తరువాత, 1961లో, ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ ఇలినాయిలోని పియోరియా పట్టణంలో పాంపర్స్ పేరుతో తమరిని అమ్మి చూసింది. విచిత్రమేమిటంటే, తన బరువుకు వందల రెట్లు నీరు పీల్చుకోగల పదార్థాన్ని అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు పిండిపదార్థంతో తయారుచేసింది కూడా ఆ పియోరియాలోనే, నేలలో తేమను పట్టి ఉంచడం దాని ఉపయోగాల్లో ఒకటి. తమ పొట్టలో ఉన్న సోడియం పాలీఅక్రిలేట్ పలుకులు ఆ కుటుంబానికి చెందినవే. అనంతపురం మెట్టచేలలో వేరుశెనగ వేళ్ళకు అందవలసిన విద్య చివరకు ఏ.సి. గదిలో పడుకున్న పసివాడి పిరుదుల కిందికి చేరింది. ఎవరి అదృష్టం వారిది.

తమ సాంకేతిక ప్రతిభ అక్కడితో ఆగలేదు. తమ ముందుభాగాన ఉన్న పసుపుపచ్చని గీత తడి తగలగానే నీలంగా మారి, బిడ్డ ఉచ్చ పోసిందని తల్లికి విన్నవిస్తుంది. అదీ చాలదని 2019లో పాంపర్స్ వారు తమకు ఒక సెన్సర్ తగిలించి, ఆ వార్తను నేరుగా ఫోనుకు పంపే ఏర్పాటును ప్రకటించారు. పక్కగదిలో ఉన్న బిడ్డ తడిసిన సంగతి ఉపగ్రహాలకూ సర్వర్లకూ తెలిసిన తరువాత తల్లికి తెలియడమంటే పురోగతి కాక మరేమిటి?

మా అమ్మమ్మల కాలంలో ఇటువంటి సదుపాయాలు లేవు. పాలు తాగిన తరువాత ఎంతసేపటికి, నిద్ర లేచిన తరువాత ఎంతసేపటికి బిడ్డ కాళ్ళు ముడుచుకొని ముఖం చిట్లిస్తుందో వాళ్ళకు తెలుసు. పీట మీద కూర్చొని, కాళ్ళు చాపి, రెండు పాదాల సందున బిడ్డను కూర్చోబెట్టి "స్స్స్" అనేవారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ చప్పుడుకూ ఆ పనికీ బిడ్డ మనసులో లంకె కుదిరేది. ఛార్జింగు అక్కర్లేని ఆ పరికరం మీద ఎవరూ పేటెంటు తీసుకోలేదు కనుక దానికి ప్రకటనలు కూడా లేవు. ఆ తరువాత బిడ్డ మొలతాడు ఒక్కటే కట్టుకొని వసారాలో పాకుతూ, తాను చేసిన మడుగును తానే చూసి ఆశ్చర్యపోతూ, తడి అంటే ఏమిటో తన ఒంటితోనే తెలుసుకునేది. తమ దయవల్ల ఇప్పటి పిల్లలకు ఆ జ్ఞానం కలిగే అవకాశం లేదు. ఎంత తడిపినా పొడిగానే ఉన్నట్టు అనిపించినప్పుడు చెప్పవలసిన అవసరం వాళ్ళకెందుకు కలుగుతుంది?

ఇక్కడ తమ వ్యాపార నైపుణ్యాన్ని మెచ్చుకోక తప్పదు. మలమూత్రాల అలవాటును బలవంతంగా నేర్పరాదని, బిడ్డ సిద్ధమైనప్పుడే నేర్పాలని అమెరికాలో పిల్లల వైద్యుడు బెర్రీ బ్రాజెల్టన్ 1962లో రాశారు. కొట్టి, బెదిరించి నేర్పే రోజుల్లో అది సున్నితమైన సలహాయే. అయితే 1998లో పెద్ద పిల్లల కోసం పాంపర్స్ వారు కొత్త సైజు తెచ్చినప్పుడు దాని ప్రకటనలో ఆ వైద్యుడే దర్శనమిచ్చారు. బిడ్డ ఎప్పటికి సిద్ధమవుతుందో నిర్ణయించే అధికారం ఆ విధంగా తమ సైజుల పట్టికకు సంక్రమించింది. కూతురి పురుడు పోయడానికి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళిన మా తల్లులు, పాత చీరముక్కలను పెట్టెలో పెట్టుకొని వెళ్ళి కూడా, దండెం కట్టడానికి ఒప్పుకోని కాలనీ నిబంధనల ముందు వాటిని అలాగే మడిచి వెనక్కి తెచ్చుకున్నారు.

రోజుకు 5 చొప్పున రెండున్నరేళ్ళకు లెక్కవేస్తే ఒక్క బిడ్డకు తమరు 4,500కు పైగా అవుతారు. ఒక్కొక్కరికి పదకొండు రూపాయలనుకున్నా 50,000 రూపాయలు. అది తల్లిదండ్రుల సొంత డబ్బు గనుక నేను మాట్లాడను. వాడిన తరువాత తమరు ఎక్కడికి వెళ్తున్నారన్నదే నా సందేహం.

మా ఊళ్ళలో చెత్త బండి వచ్చినప్పుడల్లా తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండని మైకు మొత్తుకుంటుంది. తమరు లోపల తడి, బయట పొడి. పైపొర పాలీప్రొపిలీన్, అడుగుపొర పాలీఎథిలీన్ (రెండూ ప్లాస్టిక్కే), నడుమ చెక్కగుజ్జు, పలుకులు, వాటి మధ్య ఒక పసివాడి ఉదయకాల కృత్యం. ఏ బుట్టలో వేయాలి? 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు అప్పట్లో దీనికి జవాబు చెప్పాయి: తయారీదారులు ఇచ్చే సంచిలో గానీ తగిన మరో చుట్టలో గానీ భద్రంగా చుట్టి, పొడి చెత్త బుట్టలో వేయాలని అన్నాయి. తయారీదారులు పునర్వినియోగానికి పనికివచ్చే పదార్థాలతో తమరిని చేసే మార్గమైనా వెతకాలి, లేదా ప్రతి పొట్లంతో పాటు పారవేసే సంచులైనా ఇవ్వాలని కూడా అన్నాయి. నేను చూసిన పొట్లాల్లో ఉచిత బొమ్మల స్టిక్కర్లు కనిపించాయి గానీ ఆ సంచులు కనిపించలేదు. మలాన్ని ముందుగా మరుగుదొడ్లో వేసి ఆపైన పారవేయమని కొన్ని పొట్లాల మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది, దాన్ని చదివే తీరిక ఉన్న ఇంట్లో తమ అవసరమే ఉండదు.

కనుక జరుగుతున్నదేమిటంటే, తమరు రెండు పక్కల అంటుపట్టీలతో ముద్దగా చుట్టబడి, అట్టముక్కలతోనూ పాలప్యాకెట్లతోనూ కలిసి బండి ఎక్కుతారు. అక్కడ చేతితో ఏరేది ఒక పారిశుద్ధ్య కార్మికురాలు. హైదరాబాదులో అయితే ఆమె చేతుల మీదుగా జవహర్‌నగర్ చెత్తదిబ్బకు, విశాఖలో అయితే కాపులుప్పాడ చెత్తదిబ్బకు తమ ప్రయాణం. పల్లెల్లో పంచాయతీ ట్రాక్టరు అందని చోట చెరువు గట్టు మీదా, కాలువలోనూ తేలుతూ తమరు దర్శనమిస్తున్నారు. తమరు మట్టిలో కలవడానికి ఐదు వందల ఏళ్ళని అంటారు. తమరు పుట్టి ఇంకా వందేళ్ళైనా కాలేదు గనుక ఆ ముచ్చట చూసినవారు లేరు. 2022 జూలై 1 నుంచి దేశంలో ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించినప్పుడు చెవిలో తిప్పుకునే పుల్లకు శిక్ష పడింది, బెలూను పుల్లకు పడింది, కొబ్బరిబొండంలో వేసుకునే స్ట్రాకూ పడింది. తమరు మాత్రం నిర్దోషిగా బయటపడ్డారు. పసివాళ్ళ చాటున నిలబడ్డవారి మీద ఎవరు చెయ్యి వేస్తారు!

పాత కాలమంతా పన్నీరేనని నేను అనడం లేదు. పొత్తిగుడ్డలను అమ్మమ్మ గారు అంత నిశ్చింతగా మార్చగలిగారంటే, వాటిని పెరట్లో బండ మీద ఉతికినవారు మరొకరు ఉన్నారు. పురిటి మైలబట్టలు చాకలి ఆమె మోసుకెళ్ళింది, తక్కినవి కోడలు చలిలో నీళ్ళు తోడి ఉతికింది. ఆ ఇంటి మగవాడు వాటిని ముట్టిన దాఖలా లేదు. తమరు వచ్చి ఆ కోడలిని విడిపించారు, అది తమ ఖాతాలో నిజమైన పుణ్యమే. చాకలి ఆమె చేతిలోని పనిని మాత్రం చెత్త బండి ఆమె చేతికి మార్చి, పని మాయమైందని మమ్మల్ని నమ్మించారు. తమ అసలు హైటెక్ విద్య పీల్చుకోవడం కాదు, ఈ కనికట్టు.

నీళ్ళూ సబ్బూ ఖర్చవుతాయి కనుక గుడ్డలు కూడా తక్కువ తినలేదని తమ తరఫు వకీళ్ళు అంటారు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2005లో చేయించిన అధ్యయనంలో రెండింటి మధ్య పెద్ద తేడా లేదన్న మాట నిజమే. అదే సంస్థ 2008లో మళ్ళీ చూసి, గుడ్డల భారం ఉతికే పద్ధతిని బట్టి ఉంటుందని, యంత్రంలో వేడిగాలితో కాక దండెం మీద ఆరేసి, అవే గుడ్డలను రెండో బిడ్డకూ వాడితే భారం బాగా తగ్గుతుందని తేల్చింది. లండన్ వారికి ఎండ కరువు. మాకు రెంటచింతలలో కొదవ లేదు. అవే గుడ్డలు అన్నకు, చెల్లికి, పినతల్లి కొడుక్కు వాడడం మాకు ఎవరూ నేర్పనక్కరలేదు.

తమరిని వెళ్ళిపొమ్మనడం నా ఉద్దేశం కాదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ప్రయాణానికి, పెళ్ళిలో పట్టుచీరల ఒళ్ళకు, పొద్దున్నే ఉద్యోగానికి పరుగెత్తే తల్లి నిద్రకు తమ సేవలు తప్పక కావాలి. పగటిపూట ఇంట్లో నలుగురు పెద్దలు ఉన్నప్పుడు మాత్రం బిడ్డను మొలతాడుకు వదిలిపెట్టి తమరు కాస్త విశ్రాంతి తీసుకోగలరు. ఉతికే వంతు ఈసారి తండ్రులది. ఆ ఏర్పాటు తమరు చూడనక్కర లేదు, మేమే చూసుకుంటాము.

ఇక మిగిలింది 2016 నాటి ఆ సంచి. జవాబుతో పాటు ఒకటి నమూనాకు జతచేసి పంపినట్లయితే, అది ఎలా ఉంటుందో మా వీధికి చెత్త బండి తెచ్చే ఆమెకు చూపిస్తాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
పొత్తిగుడ్డల్లో పెరిగిన ఒక పాతకాలపు పౌరుడు