‘మీకు తెలిసినవారు కావచ్చు’ గారికి

మహారాజశ్రీ ‘మీకు తెలిసినవారు కావచ్చు’ గారికి నమస్కారాలు.

పొద్దున్నే ఫోన్‌లో ఫేస్‌బుక్ తెరవగానే మీరు చూపించే మొదటి మొహం గురించి ఈ ఉత్తరం. కావచ్చు కాదండీ, తెలుసు. పన్నెండేళ్ళుగా తెలుసు. మూడేళ్ళ కిందట మాటామాటా పెరిగి లిస్టులోంచి తీసేసేంత బాగా తెలుసు. అయినా ‘47 మంది మ్యూచువల్ ఫ్రెండ్స్’ అని సిఫారసు చీటీ తగిలించి ఆయన్ని రోజూ నా గుమ్మంలో నిలబెడుతున్నారు.

మీకు మనుషులు ఆనరు, చుక్కలూ గీతలే. నాకూ ఒకాయనకీ గీత, ఆ ఒకాయనకీ ఇతనికీ గీత. ఇంక మూడోది కూడా గీసేస్తే త్రికోణం పూర్తవుతుందని మీ తాపత్రయం. ఎన్నడూ గీయని గీత వేరు, గీసి చెరిపేసిన గీత వేరు. మీ పటంలో మాత్రం రెండూ ఒకటే ఖాళీ. బ్లాక్ చేసుకోవచ్చుగా అంటారేమో. అంత కోపం లేదు, మళ్ళీ కలుపుకునేంత ప్రేమా లేదు. ఈ మధ్యస్థాన్ని చెప్పుకునే బటన్ మీ దగ్గర లేదు.

2011లో ఫేస్‌బుక్ వాడే 72 కోట్ల మందిని లెక్కేస్తే, ఏ ఇద్దరి మధ్యనైనా దూరం సగటున 4.74 గీతలేనట. ముక్కూమొహం తెలియనివాళ్ళకే అంత దగ్గర! మా ఇద్దరికీ రెండే గీతలు, అదీ నలభై ఏడు దారుల్లో. పారిపోదామంటే చోటేదీ?

పైగా ఆయన పేరు కింద రెండువేల మంది స్నేహితులు. నాకు నూట ఎనభై. కుళ్ళు రాదా? స్కాట్ ఫెల్డ్ అనే సోషియాలజిస్టు 1991లోనే దీని గుట్టు విప్పాడు. రెండువేల మంది ఉన్నవాడు రెండువేల లిస్టుల్లోకి ఎక్కుతాడు, పదిమంది ఉన్నవాడు పదింట్లోనే. అందుకే ఎవరి లిస్టు తెరిచినా జనం పోగేసినవాళ్ళే ఎక్కువగా తగులుతారు. 2011 నాటి ఆ ఫేస్‌బుక్ లెక్కలోనే సగటు మనిషికి 190 మంది, అతని స్నేహితులకేమో సగటున 635. ఇది చదివాక కుళ్ళు తగ్గలేదుగానీ, జబ్బు నా ఒక్కడిదే కాదని తెలిసింది.

ఇంకోటి. మీ చీటీ లెక్కలో గీతలన్నీ ఒకే లావు. ప్రాణస్నేహితుడికీ, ఎప్పుడో పెళ్ళిలో పలకరించినవాడికీ తేడా లేదు. అలాగని ముఖపరిచయాలని తీసిపారేయలేం. కొత్త కబుర్లు తెచ్చేది వాళ్ళేనని మార్క్ గ్రానొవెటర్ అనే ఇంకో సోషియాలజిస్టు 1973లోనే రాశాడు. నిజమే. మా పాత స్నేహితుడు ఇల్లు మారాడనీ, గడ్డం పెంచాడనీ నాకు మోసుకొచ్చింది వాళ్ళే. నేను అడగలేదు. (ఒకసారి అడిగాను.)

నిన్న మీ చీటీలో అంకె 48 అయింది. ఎవరా కొత్త మనిషి అని చూస్తే మా తమ్ముడు! ఏరా ఇదేం పని అని ఫోన్ చేస్తే, “నీ వాళ్ళందరూ ఉన్నారు కదా, నువ్వూ ఉంటావనుకుని నొక్కేశానన్నయ్యా” అన్నాడు.

ఇట్లు,
మీ పటంలో ఒక చుక్క