తెడ్డు మన చేతిలో ఉండాలి
వీడియో గేములు సినిమాల్లా మారడం ఎదుగుదలే అని ఒకరు రాశారు, నేను సగమే ఒప్పుకుంటా. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ గేమ్‌లో కెమెరా ఎక్కడా కట్ కాకుండా (మనం చచ్చి మళ్ళీ మొదలెడితే తప్ప) హీరో క్రేటోస్ వెనకే తిరుగుతుంది, అతనూ కొడుకూ పడవలో కబుర్లాడుకుంటుంటే తెడ్డు వేసేది మనమే కాబట్టి ఆ మాటలు ఇంకా గట్టిగా తగులుతాయి. మా అమ్మయితే అటుగా వెళ్తూ "ఏ సినిమారా ఇది, ఇంకా అవ్వలేదా" అంది. కానీ 2008 నాటి మెటల్ గేర్ సాలిడ్ 4 సంగతేంటి? ముగింపు కట్‌సీన్లు (ఆట ఆపి చూపించే సినిమా ముక్కలు) కలిపితే గంట దాటుతాయి, నేను కంట్రోలర్ పక్కన పడేసి పల్లీలు తింటూ కూర్చున్నా. ఆడేవాడికి పని లేకపోతే అది గేమెలా అవుతుందండీ? కట్‌సీన్లు లేకుండా, ఆడుతుండగానే కథ చెప్పడం 1998లోనే హాఫ్ లైఫ్ అనే గేమ్ చేసి చూపించింది కదా.