బీరువాలో కాపురమున్న పది నోటు గారికి

మహారాజరాజశ్రీ 786786 నంబరు పది రూపాయల నోటు గారి సముఖమునకు, శ్రీకాకుళం నుంచి ఇంటావిడ రాయునది.

తమరు క్షేమమేనని తెలుసు. ప్లాస్టిక్ కవరులో మీరు, ఆల్బంలో ఆ కవరు, బీరువా పై అరలో ఆ ఆల్బం. నా పట్టుచీరలు కింద అరలోకి దిగి చాలా కాలమైంది. వింత నంబర్ల నోట్లు పోగేసే మా ఆయన ఆదివారం ఆదివారం వేలిముద్ర పడకుండా అంచులు పట్టుకుని మిమ్మల్ని తీస్తారు, ఫ్యాను ఆపేసి మరీ చూస్తారు, మళ్ళీ పెట్టేస్తారు.

ఇంతకీ తమరు చేసిన ఘనకార్యం ఏమిటండీ? కట్టలో మీ ముందు 786785, వెనక 786787, కాగితం అదే, సిరా అదే, గవర్నరు గారి సంతకం అదే. మీ పక్కనోడు ఈపాటికి ఏడు రోడ్ల జంక్షన్లో ఎవరికో టీ తాగించి, ఆటోవాడి చొక్కా జేబులో చెమటకి తడిసి, అరసవల్లి హుండీలో పడి బయటికొచ్చి, మడత దగ్గర చిరిగి ఉంటాడు. మొన్న అలాంటివాణ్నే కూరగాయలామెకి ఇస్తే "ఇదేటమ్మా, ఇంకోటియ్యి" అని వెనక్కి ఇచ్చేసింది. పోనీ అని పది రూపాయల బిళ్ళ ఇస్తే అదీ వద్దంది. చెల్లుతుందని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ బుట్ట ముందు ఆ మాట చెల్లదు. పనిచేసినవాడికి ఆ మర్యాద, ఒక్కరోజూ పనిచేయని మీకు ఈ మర్యాద!

బిస్మిల్లా అక్షరాల విలువలు కలిపితే 786 అని ముస్లింలు మిమ్మల్ని శుభంగా చూస్తారు, ఆ భక్తి నాకు అర్థమవుతుంది. మా ఆయనది భక్తి కాదు, లెక్క. మీ సావాసగాళ్ళూ తక్కువవాళ్ళు కారు. 123456 గారు, 777777 గారు, ఎటునుంచి చదివినా ఒకటే అయిన 482284 గారు, స్వాతంత్ర్యం వచ్చిన తేదీ అని మురిసిపోయే 150847 గారు. ఇప్పుడు మా పెళ్ళిరోజు నంబరు కోసం వెతుకుతున్నారు, తేదీ ఎప్పుడో మాత్రం నన్నే అడిగారు.

ఇక నంబరులో అక్షరాలకీ అంకెలకీ మధ్య నక్షత్రం గుర్తు పెట్టుకుని తిరిగే స్టార్ నోటు. అచ్చులో పాడైన నోటు స్థానంలో కట్టలో పెట్టడానికి 2006లో మొదలెట్టారట, అంటే కారుణ్య నియామకం. దానికి మళ్ళీ గీర!

మీకు లక్షలిస్తామని ఒకడు ఫోన్ చేసి, ముందు పన్ను కట్టమన్నాడు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నోట్ల మీద కమిషన్లూ పన్నులూ అడిగేవాళ్ళతో మాకు సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో చెప్పింది కాబట్టి ఫోన్ లాక్కుని నేనే పెట్టేశాను. ఆ పూట మా ఆయన నాతో మాట్లాడలేదు, మీతోనే మాట్లాడారు.

అంత గొప్పవారైతే ఒక్కసారి బయటికొచ్చి టీ కొనండి చూద్దాం. కొట్టువాడు మీ నంబరు చూడడు, చిరిగిందా లేదా అని మాత్రం వెలుగులో ఎత్తి చూసి గల్లాలో పడేస్తాడు.

ఇట్లు,
చిల్లర కోసం వీధంతా తిరిగే ఇల్లాలు