బీపీ బాగుంటే పిల్లాడికి ఐసీయూ ఎందుకు?

ఈ వానాకాలం మారతహళ్ళి తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "బీపీ నార్మల్‌గా ఉన్నా పిల్లల్ని ఐసీయూలో పెడతారు. జ్వరం తగ్గినా ఇంటికి పంపరు. సెలైన్ చుక్కచుక్కగా ఎక్కించి రోజులు పొడిగిస్తారు. నెల బిడ్డ ఒళ్ళు వెచ్చబడితే వెన్నులో సూది గుచ్చుతారు. అంతా బిల్లు కోసమే." నాకు నలుగురు పంపారు, వాళ్ళలో మా పిన్ని కూడా ఉంది. బెంగళూరులో పిల్లల డాక్టర్ని కాబట్టి జవాబు నా మెడకే పడింది.

ముందు బీపీ సంగతి. పిల్లల ఒంట్లో రక్తప్రసరణ తగ్గితే గుండె వేగం పెంచుకుంటుంది, కాళ్ళూ చేతుల్లో రక్తనాళాలు బిగుసుకుంటాయి. అందుకే బీపీ చాలాసేపు నిలబడి, చివర్లో ఒక్కసారిగా కూలిపోతుంది. ఐదేళ్ళ పిల్లాడికి పై బీపీ 80 కంటే కిందికి వచ్చిందంటే మేం ఆలస్యం చేసినట్టే. అందుకని ఆ అంకె కన్నా ముందు పాదాలు పట్టుకుని చూస్తాం. చర్మం నొక్కి వదిలితే రంగు రెండు సెకన్లలో తిరిగి రావాలి. "పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఉచ్చ పోశాడమ్మా?" అని అడిగితే కొందరు తల్లులు చిరాకుపడతారు, ఇంత పెద్ద హాస్పిటల్లో అడిగేది ఇదా అని. ఇదే! "ఎప్పట్లా లేడండీ, నన్ను చూసి నవ్వట్లేదు" అని తల్లి అంటే దాన్నీ కేస్ షీట్‌లో రాస్తాను.

జ్వరం తగ్గడం అన్నివేళలా శుభవార్త కాదు. డెంగ్యూలో అసలు గండం మొదలయ్యేది సాధారణంగా అప్పుడే, మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య. రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి కారిపోతుంది. ఇది ఒకటి రెండు రోజులు సాగుతుంది. అందరూ ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ తిరుగుతారు గానీ మళ్ళీ మళ్ళీ రక్తం తీసేది పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, పెరుగుతోందా అని కూడా; నీరు కారిపోయేకొద్దీ రక్తం చిక్కబడి అది పెరుగుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగతగా పడి ఉండటం కనిపిస్తే జ్వరం లేకపోయినా పరుగెత్తాల్సిందే.

సెలైన్ కూడా మందే. బరువును బట్టి గంటకింత అని లెక్కగట్టి, పిల్లాణ్ణి చూస్తూ తగ్గిస్తాం, పెంచుతాం. ఎక్కువైతే నీరు ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. 2011లో వెలువడిన ఫీస్ట్ అధ్యయనం ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చిన 3,141 మంది పిల్లల మీద జరిగింది. వేగంగా ఫ్లూయిడ్స్ ఎక్కించినవాళ్ళలోనే మరణాలు ఎక్కువయ్యాయి. అక్కడ ఐసీయూలు లేవు, అది వేరే మాట. అయినా మా చేతివేగం తగ్గించిన అధ్యయనం అది.

ఇక వెన్నులో సూది. నెలలోపు బిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ జ్వరమంటే ఎమర్జెన్సీ. మెదడు పొరల ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ వయసులో మెడ బిగుసుకోకపోవచ్చు, పాలు తాగడం మానేయడం ఒక్కటే కనిపించవచ్చు. అందుకే సూదితో వెన్నులోని నీరు కొద్దిగా తీసి పరీక్షిస్తాం. సూది వెళ్ళేది వెన్నుపాము ముగిసిన చోటుకి కింద, కాబట్టి నడుము పడిపోతుందన్న భయం వద్దు.

బిల్లు గురించి రాసినాయన అనుమానాన్ని మాత్రం కొట్టిపారేయను. అక్కర్లేని అడ్మిషన్లు నేనూ చూశాను. "ఏ మార్పు కోసం ఎదురుచూస్తున్నారు?" అని డాక్టర్ని నిలదీయండి. ఖర్చు భరించలేకపోతే నిమ్హాన్స్ దగ్గర ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి ఉంది, వాణీవిలాస్ ప్రభుత్వాసుపత్రి ఉంది.

ఇదంతా పిన్నికి పంపితే, "సరే గానీ, డెంగ్యూ పిల్లాణ్ణి ఇంటికి ఎప్పుడు తెచ్చుకోవాలి?" అని అడిగింది. జ్వరం మందు లేకుండా ఒక రోజైనా జ్వరం రాకపోవాలి, ఆకలి వేయాలి, ఉచ్చ బాగా పోయాలి, సెలైన్ ఆపాక కూడా పీసీవీ నిలకడగా ఉండాలి, ప్లేట్‌లెట్లు పైకి మళ్ళాలి అన్నాను.